బెల్టు దిగే లోపు

బతికున్నన్నాళ్లూ కొండలరావుని ఇంగ్లీషులో ఎవరూ పొగడలేదు, ఎవరూ తిట్టలేదు. చనిపోయిన వారానికే రెండు విశేషణాలు దక్కాయి. ఒకటి కేర్‌లెస్, రెండోది ఓవర్ కాన్ఫిడెంట్.

కంపెనీ కంప్యూటర్లో ప్రమాదాల విచారణకి ఒక పేజీ ఉంటుంది. అందులో 'వ్యక్తిగత కారణం' అన్న గడి నొక్కితే మనిషి గుణాలన్నీ వరసగా కిందికి జారతాయి. అజాగ్రత్త, అతివిశ్వాసం, తొందరపాటు, పరధ్యానం, ముక్కోపం. హోటల్లో టిఫిన్ ఎంచుకున్నట్టు ఎంచుకోవడమే. చచ్చిపోయినవాడు వచ్చి "నాకు ఇది వద్దు, అది పట్రా" అనడు కాబట్టి పని తొందరగా తెములుతుంది.

ఆ పేజీని కొండలరావు కూతురు ఆశాజ్యోతి మొదటిసారి చూసింది అదే కంపెనీలో ఉద్యోగానికి చేరాక. కంపెనీ మర్యాద తెలిసినదే. అంత్యక్రియలకి మనిషిని పంపింది, పెద్దకర్మకి పూలదండ పంపింది, ఆ తర్వాత కూతురికి అపాయింట్‌మెంట్ ఆర్డరు పంపింది. సేఫ్టీ విభాగంలో ట్రైనీ. బీటెక్ అయ్యాక రెండేళ్లుగా ఖాళీగా ఉన్న పిల్లకి ఉద్యోగం రావడానికి ఇంట్లో మనిషి పోవలసి వచ్చిందని చుట్టాల్లో ఎవరో అననే అన్నారు. అన్నావిడ చెడ్డది కాదు. లెక్క సరిగ్గానే చెప్పింది.

గుణాల సంగతి ఆశాజ్యోతికి కొత్త కాదు. కాలేజీ ఆఖరి సంవత్సరంలో ఇంటర్వ్యూల కోసం ఒక ట్రైనరు వచ్చేవాడు. ప్రతి గుణానికీ ఇంగ్లీషులో రెండు బట్టలుంటాయని చెప్పేవాడు. విశేషణం రోజూ వేసుకునే చొక్కా, నామవాచకం పెళ్లికి వేసుకునే కోటు. 'ఐ యామ్ పేషెంట్' అంటే నాకు ఓపిక ఉంది అని మామూలుగా చెప్పినట్టు. అదే 'ఐ యామ్ ఎ పర్సన్ ఆఫ్ గ్రేట్ పేషెన్స్' అన్నారనుకోండి, ఎదుటివాడు కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు. క్లాసు క్లాసంతా కోట్లు వేసుకుంది. ఆశాజ్యోతి ఓపికని, నిజాయితీని, పట్టుదలని బోలెడు కంపెనీలు శ్రద్ధగా విని, మెయిల్ చేస్తామని చెప్పి, చేయలేదు. ఓపిక మాత్రం నిజంగానే పెరిగింది.

ఆ రోజుల్లో సాయంత్రం కొండలరావు యార్డు నుంచి గోపాలపట్నం వచ్చేసరికి చీకటి పడేది. అతను రిగ్గరు. క్రేను ఎత్తి తెచ్చిన ఇనుప దూలాల మీదికి ఎక్కి వాటిని బోల్టులతో బిగించే పని. గడప మెట్టు మీద కూర్చుని కాళ్లకి పట్టిన ఎర్ర దుమ్ము కడుక్కుంటూ కూతురికి పాఠం అప్పగించమనేవాడు.

"నన్నేటంటారే ఇంగ్లీషులో?"

"స్టబ్బర్న్."

"అంటే?"

"మొండోడు."

"బాగున్నాది. ఇంకోటి సెప్పు."

లోపలినుంచి అతని భార్య గంగాభవాని అందుకునేది. "ఆయనకి ఇంగ్లీషెందుకే? క్రేనుకేటైనా ఇంగ్లీసొచ్చేటి?"

"క్రేను డ్రైవరు బీహారోడే. ఆడికీ నాకూ సేతులే బాస," అనేవాడు కొండలరావు. గుప్పిట బిగించి చూపిస్తే ఆపమని, బొటనవేలు పైకెత్తితే ఎత్తమని. ఆ భాషలో విశేషణాలు లేవు.

ఒకరోజు కాళ్లు తుడుచుకుంటూ అడిగాడు. "మరి భయం ఏసిందనుకో. అప్పుడేటనాల?"

"ఐ యామ్ అఫ్రైడ్."

"అంటే?"

ఆశాజ్యోతి కాస్త ఆలోచించింది. "అంటే... నాను భయపడినవాడిని, అని."

"అదేటే? నాకు పొద్దున్న పైన గాలొచ్చినపుడు భయం ఏసింది. ఏసి పోయింది. తరవాత టీ తాగేను, బోల్టులు బిగించేను, ఇంటికొచ్చీసేను. ఒచ్చి పోయేదాన్ని మీ ఇంగ్లీసోడు ఒంటికి అంటించీసేడేటి?"

"పోనీ, ఐ ఫెల్ట్ ఫియర్ అనుకో. భయాన్ని విడిగా పెడతాడు."

"ఆఁ. అలగ సెప్పు. పక్కన పెట్టాల దాన్ని. మెడకి కట్టకూడదు."

ఆ మాట అన్నప్పుడు ఆమె ఫోన్ చూసుకుంటూ నవ్వింది. గుర్తుంచుకోవాలని అనుకోలేదు. గుర్తుండిపోయింది.

ఆమె చదువయ్యాక రెండో వేసవిలో, పోర్టు వెనక కొత్తగా కడుతున్న షెడ్డు పై దూలం మీంచి కొండలరావు పడిపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్లారు గానీ, ఆ తీసుకెళ్లడం కాగితాల కోసమే.

*

సేఫ్టీ ఆఫీసంటే యార్డులో ఒక మూల పెట్టిన ఇనుప డబ్బా గది. ఏసీ ఉంటుంది, కిటికీలోంచి డాల్ఫిన్స్ నోస్ కొండ చివర కొంచెం కనిపిస్తుంది. పెద్దాయన గురునాథరావు. బందరు వైపు మనిషి. చక్కెర జబ్బు, సొరుగులో తీపి లేని బిస్కెట్లు, ఎవరి హెల్మెట్టు పట్టీ వదులుగా ఉన్నా తనే వెళ్లి బిగించే అలవాటు. ఆశాజ్యోతికి ఆయన మీద కోపం తెచ్చుకోవాలని ఉండేది గానీ, ఆయన అవకాశం ఇచ్చేవాడు కాదు.

"అమ్మాయ్, ఒక మాట," అన్నాడు ఒక ఉదయం. "మన దగ్గర ఎవరైనా పోతే పని అప్పగించిన పెద్ద కంపెనీకి మనం ఒక సినిమా పంపాలి. గుణపాఠం సినిమా. ప్రతి సోమవారం గేటు పాసుకి వచ్చేవాళ్లకి అదే చూపిస్తాం. నీ గొంతు స్పష్టంగా ఉంటుంది. మీ ఇంటి విషయం కాబట్టి అడుగుతున్నాను. వద్దంటే వద్దు, ఏం అనుకోను. హెడ్డాఫీసులో ఇంకో అమ్మాయి చేత చెప్పిస్తారు."

స్క్రిప్టు ఇచ్చాడు. కొండలరావు పేరు లేదు. 'ఒక రిగ్గరు' అని ఉంది. ఆ రిగ్గరు కేర్‌లెస్, ఓవర్ కాన్ఫిడెంట్ అని ఉంది. రేపు చెబుతానంది ఆశాజ్యోతి.

ఆ సాయంత్రం బస్‌స్టాపులో ఖయ్యూం కలిశాడు. ఈ ఊరి పాతబస్తీ మనిషి, కొండలరావుకి ఏళ్ల తరబడి జోడీ. ఒకరినొకరు బావా అనుకునేవారు. ఆ లెక్కన గంగాభవాని అతనికి అక్క, ఆశాజ్యోతికి అతను మావ. కొండలరావు పోయాక ఇంటికి ఒక్కసారే వచ్చాడు. వచ్చి గుమ్మంలోనే నిలబడి వెళ్లిపోయాడు.

"బేటీ, సినిమా నువ్వు సెప్తన్నావంట."

"అడిగేరు మావా. ఇంకా ఒప్పుకోలేదు."

ఖయ్యూం కాసేపు బస్సు వచ్చే వైపు చూశాడు. వచ్చిన బస్సుని పోనిచ్చాడు.

"మీ నాన్న బెల్టు పెట్టుకోలేదని రాసేరు కద. ఎందుకు పెట్టుకోలేదో సెప్తాను విను. ఇద్దరికీ బెల్టు ఒకటే. కొత్తవి స్టోరులో ఉన్నాయి. పై కంపెనీవోల్లు తనిఖీకొచ్చిన రోజు బయటికొత్తాయి, మాతో ఫోటోలు దిగి లోపలికెల్లిపోతాయి. మామూలు రోజుల్లో జోడీకి ఒకటి. ముందెక్కేవోడు దాన్ని ఏసుకుని ఎక్కుతాడు. ఎక్కి, గుర్రం మీద కూకున్నట్టు బీము మీద కూకుని, విప్పీసి, తాడు కట్టి కిందికి దింపుతాడు. రెండోవోడు దాన్ని ఏసుకుని ఎక్కుతాడు. పైన ఎవడు అంచుకెల్తే ఆడికి బెల్టు. ఇక్కడందరూ అంతే. ఎవడూ దాన్ని తప్పనుకోడు. ముందెక్కేవోడు ఎప్పుడూ బావే. నీకన్నా పెద్దోడిని కదరా అనీవోడు."

"ఆరోజు?"

"ఆరోజూ అంతే. బావ దింపేడు. క్రేను కదిలింది, ఎవడో సైగ తప్పుగా ఇచ్చేడు. బెల్టు నా సేతికందింది. పైకి సూసేను." ఖయ్యూం తన అరచేతుల్లోకి చూసుకున్నాడు. "బావ అక్కడ లేడు."

ఇంకో బస్సు వచ్చి, కండక్టరు తలుపు బాది, వెళ్లిపోయింది.

"మరి విచారణలో సెప్పలేదా మావా?"

"అడిగేరు బేటీ. పని దగ్గర బెల్టు ఉందా లేదా అనడిగేరు. ఉందన్నాను. ఉంది కద మరి. నా సేతిలోనే ఉంది. ఉందా లేదా, అంతే అడిగేరు. రాసీసుకున్నారు. బెల్టు ఉంది, మనిషి పెట్టుకోలేదు. ఇంకేటుంది, కేర్‌లెస్." ఆ మాటని అతను ఉమ్మేసినట్టు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అక్కకి మాత్రం సెప్పకు."

*

మర్నాడు ఆశాజ్యోతి గురునాథరావు ముందు నిలబడి, జోడీకి ఒకే బెల్టు సంగతి మొత్తం చెప్పింది. ఆయన బిస్కెట్టు సగం తిని, సగం పొట్లంలో చుట్టాడు.

"తెలుసమ్మా."

"తెలుసా సార్?"

"ఈ యార్డులో కుక్కకి కూడా తెలుసు. బెల్టుల కోసం నేను అడగని మీటింగు లేదు. స్టోరులో ఉన్నాయి కదా అంటారు. స్టోరులో ఉన్నవి స్టోరులో ఉన్నాయని కాగితం ఉంది. అవి వాడితే పాతబడతాయి, తనిఖీకి కొత్తవి ఉండవు." ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు. "నువ్వు చెప్పిన మాట సినిమాలో పెడితే ఆ సినిమా ఇక్కడ ఆడదు. నువ్వూ ఉండవు. నా రిటైర్మెంటు దగ్గర్లోనే ఉంది కాబట్టి నేనెలాగూ ఉండను. మీ అమ్మగారు ఏం చేస్తారు, చెప్పు?"

ఇక్కడే ఆశాజ్యోతి చదువు అక్కరకొచ్చింది. బేరం మొదలుపెట్టింది.

"సార్, కనీసం మనిషి గుణంలాగా వద్దు. హి వాజ్ కేర్‌లెస్ అంటే ఆయన తీరే అంత అన్నట్టు ఉంటుంది. పుట్టుకతో వచ్చినట్టు. ఎ మొమెంట్ ఆఫ్ కేర్‌లెస్‌నెస్ అని పెట్టండి. ఒక్క క్షణం అజాగ్రత్త. వచ్చి పోయేది. ఓవర్ కాన్ఫిడెంట్ తీసేయండి."

గురునాథరావు ఆమె వంక చాలాసేపు చూశాడు. జాలో, ఉపశమనమో, చెప్పడం కష్టం. రెండూ ఒకే ముఖంలో పడతాయి.

"అదెంత పనమ్మా. ఇవాళే మార్పిస్తాను."

మార్పించాడు. ఆశాజ్యోతి మైకు ముందు కూర్చుని ఇంగ్లీషు చెప్పింది. ఆ ఊపులోనే హెడ్డాఫీసు నుంచి వచ్చిన తెలుగు కాగితం కూడా చదివేసింది, అందులో ఏముందో పెద్దగా చూసుకోకుండా. నాన్న మెడకి కట్టిన దాన్ని విప్పి పక్కన పెట్టినట్టు అనిపించింది. ఆ సాయంత్రం బస్సులో కిటికీ సీటు కూడా దొరికింది. మనిషి ఎంత తక్కువకి గెలిచాననుకుంటాడో ఆ సీటులో కూర్చున్నప్పుడు ఆమెకి తట్టలేదు.

*

వానలు తగ్గాక ఒక పూట గంగాభవాని అన్నం వడ్డిస్తూ, చారు అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"సోమవారం నుంచి నానూ పనిలోకొత్తన్నాను. మీ యార్డులోనే. ఊడ్చే పని. కాసులమ్మ సెప్పించింది."

కాసులమ్మ యార్డులో ఊడ్చేవాళ్లకి మేస్త్రి. ఆశాజ్యోతి చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"నీకెందుకమ్మా? నాను తెత్తన్నాను కద."

"తెత్తన్నావు. ఎవరు కాదన్నారు? ఇంట్లో కూకుంటే గోడలు తినీత్తన్నాయి."

"అక్కడే ఎందుకు? ఇంకెక్కడా లేదా?"

"అక్కడైతే నీతోటే బస్సు. మీ నాన్న తిరిగిన నేల." కంచంలో కూర వేస్తూ, "ఊడిత్తే ఏటి పోయింది," అంది.

అమ్మ వస్తే సోమవారం హాల్లో కూర్చోవాలి. సినిమా చూడకుండా గేటు పాసు ఎవరికీ లేదు. సినిమా అయ్యాక ఒక్కొక్కరినీ లేపి 'అతను ఎందుకు పడిపోయాడు' అని అడుగుతారు. సరైన జవాబు చెబితేనే పాసు మీద ముద్ర. ఆ ప్రశ్నని సినిమా చివర తీరుగా చదివింది కూడా తనే.

మర్నాడు ఉదయమే గురునాథరావు దగ్గరికి వెళ్లింది. అమ్మకి సినిమా లేకుండా పాసు ఇప్పించమని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"యజమాని బావమరిది వస్తే ఆయన్నీ కూర్చోబెట్టానమ్మా. హాల్లో తీసే ఫోటోలో తల లేకపోతే పాసు మిషను పని చేయదు. తలలు లెక్కపెడుతుంది."

"అయితే పనే వద్దని చెప్పండి సార్. ఖాళీ లేదనండి."

"చెప్పగలను. చెప్పమంటావా?"

ఆశాజ్యోతి చెప్పమనలేకపోయింది. గోడలు తినీత్తన్నాయి అన్న మాట అడ్డుపడింది. బదులుగా తనకి తను సర్ది చెప్పుకుంది. ఒక్క క్షణం అజాగ్రత్త అనే కదా ఉంటుంది. అదైతే అమ్మ తట్టుకుంటుంది. ఎవరికి ఉండదు ఒక క్షణం.

*

సోమవారం హాలు నిండింది. హెడ్డాఫీసు నుంచి వచ్చాక ఆ సినిమా ఆడడం అదే మొదటిసారి. కొత్తగా చేరేవాళ్లు, ఏడాది నిండి పాసు మార్చుకోవడానికి వచ్చిన పాతవాళ్లు. వెనక వరసలో ఖయ్యూం ఉన్నాడు. ఆడవాళ్లు నలుగురైదుగురు ముందు కూర్చున్నారు. గంగాభవాని కంపెనీ ఇచ్చిన కొత్త పచ్చ జాకెట్టు చీర మీద వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, బడిపిల్లలా నిటారుగా కూర్చుంది. లైట్లు ఆర్పారు.

తెర మీద బొమ్మ మనిషి దూలం మీద నడుస్తున్నాడు. పెద్ద మీసాలు. ఈల వేస్తున్నాడు. బెల్టు నడుముకి కాకుండా భుజాన వేలాడుతోంది. ఎవడో పిల్లాడు కిసుక్కున నవ్వాడు. బొమ్మ మనిషి జారాడు. పడడం చూపించలేదు, హెల్మెట్టు ఒక్కటే దొర్లుకుంటూ వచ్చి తెర మధ్యలో ఆగింది. ఆ తర్వాత ఆశాజ్యోతి గొంతు, నిదానంగా, స్పష్టంగా, తెలుగులో.

"ఆ కార్మికుడి నిర్లక్ష్య స్వభావమే అతని ప్రాణం తీసింది."

సినిమా మిషను దగ్గర నిలబడ్డ ఆశాజ్యోతి తన గొంతుని తనే విన్నది. స్వభావం. తెలుగు కాగితాన్ని ఎవరూ మార్చలేదు. మార్చమని ఆమె అడగనూ లేదు. పోట్లాడి గెలిచిందల్లా ఇంగ్లీషులో, పెద్ద కంపెనీవాళ్ల కోసం. ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో ఆ ఇంగ్లీషు వినేవాళ్లు ఎవరూ లేరు. గుణాలకి చొక్కాలూ కోట్లూ మార్చింది. మనిషిని మాత్రం అక్కడే, దూలం కింద వదిలేసింది.

"పని ఆపే హక్కు మీలో ప్రతి ఒక్కరికీ ఉంది," అని ఇంకా ఏదో చెబుతోంది ఆ గొంతు.

లైట్లు వేశారు. గురునాథరావు లేచి, ముందు వరస వైపు చూసి, మోగని ఫోన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. "అమ్మాయ్, కొంచెం నువ్వు అడిగెయ్," అంటూ బయటికి నడిచాడు.

ఆశాజ్యోతి వెనక వరస నుంచి మొదలుపెట్టింది. ముందువరస ఎంత ఆలస్యమైతే అంత మంచిదని.

"ఎందుకు పడిపోయాడు?"

"నిర్లక్ష్యం మేడం."

"ఎందుకు పడిపోయాడు?"

"నిర్లక్ష్యం."

కొందరు నిద్రమొహాలతో, కొందరు హుషారుగా. అందరికీ జవాబు తెలుసు. ఖయ్యూం లేచాడు. ఆమె అడగలేదు. అతనే నేల చూస్తూ, "నిర్లక్ష్యం," అనేసి కూర్చున్నాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలు, పాసు లేకపోతే రేపటి నుంచి పని లేదు. ఆమె అతని పాసు మీద ముద్ర వేసింది. ముద్ర సరిగ్గా పడలేదు. మళ్లీ వేసింది.

ముందు వరస వచ్చింది. గంగాభవాని లేచి నిలబడింది. ఆశాజ్యోతి ముద్రని సిరా పెట్టె మీద మళ్లీ అద్దింది. హాలంతా చూస్తోంది. ఎవరికి ఎవరు ఏమవుతారో పాతవాళ్లందరికీ తెలుసు.

"అడగండి మేడం," అంది గంగాభవాని. గొంతులో వెటకారం లేదు. అందరూ మేడం అంటున్నారు కాబట్టి అంది.

"ఎందుకు... పడిపోయాడు?"

"ఇందాక నువ్వే సెప్పేవు కదమ్మా," అంది గంగాభవాని. "అదే."

పాసు ముందుకి చాపింది.

*

హాలు నుంచి ఊడ్చే చోటుకి షెడ్ల మధ్య నుంచి దారి. చీపురు, పార గంగాభవాని చేతిలో, వాకీటాకీ ఆశాజ్యోతి చేతిలో. బొగ్గు దుమ్ము ఎండలో మెరుస్తూ గాలిలో తేలుతోంది.

"మీ నాన్నకి మీసాలెక్కడియే?" అంది గంగాభవాని.

"అది బొమ్మమ్మా."

"ఈల కూడా రాదాయనకి."

"అమ్మా, నాకు తెలీక సదివీసేను. బెల్టు సంగతి నీకు..."

"నాకు తెలుసు."

ఆశాజ్యోతి ఆగిపోయింది.

"రోజూ సెప్పీవోడు. దింపీసినాక తాడు వొదులయ్యేదాకా రెండు కాళ్లతోటి బీముని కౌగిలించుకుని కూకుంటానే గంగా, ఆ కాసేపూ నువ్వే గుర్తొత్తావు అనీవోడు. నానేమో, నన్ను గాదు దేవుణ్ని తలుసుకో అనీదాన్ని." గంగాభవాని జాకెట్టు అంచు సర్దుకుంది. "ఖయ్యూం నా ముందర తలెత్తలేక గుమ్మంలోంచే ఎల్లిపోనాడు. ఆడి సేతికందిందని ఆడికి బాధ. అందకపోతే మాత్రం ఆయన పడకుండా ఆగీవోడేటి?"

"మరి హాల్లో ఎందుకలగ అన్నావు?"

"నువ్వు సెప్పింది తప్పని అంతమందిలో నానెలగంటాను?"



మూడో షెడ్డు దగ్గరికి వచ్చారు. పైన దూలం మీద తాతబాబు, గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. కింద నాగవంశీ తల పైకెత్తి నిలబడ్డాడు. వీళ్లిద్దరూ ఇందాక హాల్లోనే ఉన్నారు. నిర్లక్ష్యం మేడం అని ముందుగా అన్నది నాగవంశీయే. వాళ్ల పాసుల మీద ఆశాజ్యోతి వేసిన ముద్ర ఇంకా ఆరి ఉండదు.

తాతబాబు నడుము దగ్గర కట్టు విప్పాడు. తాడుకి కట్టాడు. బెల్టు మెల్లగా, గాలికి కొంచెం తిరుగుతూ, కిందికి దిగసాగింది.

ఆశాజ్యోతి కళ్లు బెల్టుతో పాటే దిగాయి. పక్కన అలికిడి లేకపోతే తిరిగి చూసింది. అమ్మ బెల్టుని చూడడం లేదు. మెడ బాగా వెనక్కి వాల్చి, పై మనిషిని చూస్తోంది. అతని కాళ్లని చూస్తోంది. ఊపిరి తీసుకుంటున్నట్టు లేదు.

బెల్టు నాగవంశీ చేతికి అందేలోపు ఆశాజ్యోతి వెళ్లి దాన్ని పట్టుకుంది. మెడలో ఉన్న ఈల ఊదింది. క్రేను ఆగింది.

"ఇటియ్యండి మేడం," అన్నాడు నాగవంశీ.

"ఇవ్వను. పైకి లాగమను."

"పైకి లాగితే నానెలగ ఎక్కీది?"

"ఎక్కకు."

"సూరన్న తిడతాడు మేడం. మజ్జాన్నానికి ఈ బీము అయిపోవాల."

"నన్ను తిట్టమను."

నాగవంశీ ఆమెని, వెనక నిలబడ్డ పచ్చ జాకెట్టు ఆవిడని చూశాడు. ఎవరో గుర్తుపట్టినట్టున్నాడు. ఇంకేమీ అనకుండా తాడు రెండుసార్లు గుంజి పైకి సైగ చేశాడు. బెల్టు వచ్చిన దారినే వెనక్కి వెళ్లింది. తాతబాబు అర్థంకానట్టు కిందికి చూశాడు, తర్వాత దాన్ని తొడుక్కున్నాడు. హుక్కు దూలం మీది తీగకి తగిలిన చప్పుడు కింద వరకూ వినిపించింది. అప్పుడు గంగాభవాని మెడ దించింది.

చేతిలో వాకీటాకీ గరగరలాడింది. సూపర్‌వైజరు సూరన్న గొంతు.

"మూడో షెడ్డు. పనెందుకాగింది? ఎవరాపేరు?"

"సేఫ్టీ," అంది ఆశాజ్యోతి.

"కారణం ఏటి మేడం?"

ఆ ప్రశ్న పొద్దుటి నుంచి తను హాలంతా తిరిగి అడిగినదే. గడి నొక్కినట్టు జవాబులన్నీ వరసగా కళ్లముందు జారాయి. అజాగ్రత్త, అతివిశ్వాసం, తొందరపాటు. ఏది ఎంచుకున్నా సూరన్న రాసుకుని, ఈ సాయంత్రానికి మర్చిపోతాడు. తనకి రేపూ బస్సుంటుంది, ఏసీ గది ఉంటుంది. బటన్ నొక్కింది. నోటికి ఇంటి మాటే వచ్చింది.

"బెల్టు ఒకటే ఉన్నాది. మనుషులు ఇద్దరు."

యార్డులో రేడియో ఉన్న ప్రతివాడూ విన్నాడని ఆమెకి తెలుసు. క్రేను కాబిన్‌లో, స్టోరులో, గేటు దగ్గర. ఆమె బటన్ వదల్లేదు.

"కొండలరావు పడిపోయిన రోజూ ఒకటే ఉన్నాది. ఆయన దాన్ని కింద మనిషికి దింపేడు. అది దిగే లోపు ఆయన పడిపోయేడు. స్టోరులో కొత్తవి ఉన్నాయి."

వదిలింది. తర్వాత గురునాథరావు గొంతు వచ్చింది. కోపంగా లేదు. బాగా అలిసిపోయి ఉంది.

"అమ్మాయ్, నువ్వు అయిదో చానెల్‌కి రా. ఇందులో అందరూ వింటారు."

గంగాభవాని చీపురు గోడకి ఆనించి, కూతురి పక్కకొచ్చి నిలబడింది.

"తెలుసు సార్," అంది ఆశాజ్యోతి. చానెల్ మార్చలేదు.